లాటరీ త్వరగా తీస్తే సరిపోదు

డేటాబేస్ టేబుల్లోంచి ఏదో ఒక రికార్డును ర్యాండమ్‌గా తీయడం ఎలా అని వెబ్ కోడు రాసే ఎవరినైనా అడగండి. "ఆర్డర్ బై ర్యాండ్ మాత్రం వాడకు" అన్న మాటే ముందు వస్తుంది. శిక్షణ కేంద్రాల్లో నేర్పేది అదే. ఇంటర్వ్యూల్లో అడిగేది అదే. జూనియర్ల కోడు చూసి సీనియర్లు మందలించేదీ అదే. దాని వెంట వచ్చే సలహా కూడా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటుంది: టేబుల్లో అతిపెద్ద ఐడీ ఎంతో కనుక్కో, ఒకటికీ దానికీ మధ్య ఏదో ఒక అంకె తీయి, ఆ అంకెతో సమానమైనదో, లేకపోతే దాని తర్వాత వచ్చే మొదటిదో, ఆ ఐడీ ఉన్న రికార్డు ఇచ్చెయ్. ఇండెక్స్ మీద నడుస్తుంది కాబట్టి రెప్పపాటులో పని అయిపోతుంది. ఎలా తీసినా ర్యాండమ్ ర్యాండమే కదా. కాస్త అటూ ఇటూ అయితే మాత్రం ఎవరికి తెలుస్తుంది, ఎవరికి నష్టం?

నా తగవంతా ఆ చివరి రెండు మాటలతోనే. అయినా వాళ్ల వాదనను దాని బలం తగ్గించకుండా చెప్పుకుందాం. ఆర్డర్ బై ర్యాండ్ నెమ్మది అన్నది నిజం. మైఎస్‌క్యూఎల్‌లో ఆ మాట రాస్తే టేబుల్లోని ప్రతి రికార్డుకూ ఒక దశాంశం పుడుతుంది, ఆ దశాంశాల వరసలో రికార్డులు సర్దుకుంటాయి, పైనున్న ఒక్కటి మనకిచ్చి డేటాబేస్ మిగతావన్నీ పారేస్తుంది. పది లక్షల రికార్డులుంటే ఒక్కదాని కోసం పది లక్షలూ చదవాల్సిందే. అంకెలు అప్పటికప్పుడు పుట్టేవి గనక ఇండెక్స్ ఎందుకూ కొరగాదు. హోం పేజీ తెరిచిన ప్రతి మనిషి కోసం ఈ తతంగం మళ్లీ నడిస్తే సర్వర్ మూలుగుతుంది. అంబాజీపేటలో కొబ్బరి పీచు వస్తువులు అమ్మే సైటు ఒకటి ఉందనుకోండి, "ఇవి కూడా చూడండి" అంటూ నాలుగు బొమ్మలు మార్చి మార్చి చూపడానికి ఆ ఐడీ చిట్కా వాడితే నాకేమీ అభ్యంతరం లేదు. ఒక డోర్‌మ్యాట్ బొమ్మ రెండుసార్లు ఎక్కువగా కనబడితే కొంపలేమీ మునగవు.

కానీ బొమ్మల కోసం రాసిన కోడు బొమ్మల దగ్గరే ఆగదు. అదే ఫంక్షన్‌ను కాపీ కొట్టి రేపు పరిశీలనకు లబ్ధిదారులను తీయడానికి వాడతారు, ఎల్లుండి పంట దిగుబడి కొలవాల్సిన చేను ఎంపికకు వాడతారు, ఆ తర్వాత దరఖాస్తుల లాటరీకి వాడతారు. అక్కడ ఆ సలహా మొదటి మెట్టు మీదే కూలిపోతుంది.

ఒకటి: "ఎలా తీసినా ర్యాండమ్ ర్యాండమే"

కాదు. అంకెను ర్యాండమ్‌గా తీయడం వేరు, రికార్డును ర్యాండమ్‌గా తీయడం వేరు. ఐడీలన్నీ ఖాళీల్లేకుండా వరసగా ఉంటేనే రెండూ ఒకటవుతాయి. మధ్యలో ఖాళీ ఉంటే, ఆ ఖాళీలో పడిన ప్రతి అంకె తాలూకు అవకాశమూ ఖాళీ దాటగానే ఉన్న మొదటి రికార్డు ఖాతాలోకి పోతుంది.

కోనసీమ తీరంలో ఒక ఊరిని ఊహించుకోండి. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల్లో వరి చేలు రొయ్యల చెరువులైపోయిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. మన ఊళ్లో సర్వే నంబర్లు 600 అనుకుందాం. వాటిలో 201 నుంచి 350 దాకా చెరువులు, మిగతా 450 వరి. వరి చేల టేబుల్లో చెరువుల నంబర్లు ఉండవు గదా. ఇప్పుడు ఒకటి నుంచి 600 మధ్య ఒక అంకె తీసి, దానితో సమానమైన లేదా దాని తర్వాతి చేను ఇవ్వమన్నామనుకోండి. 201 వచ్చినా, 275 వచ్చినా, 350 వచ్చినా చేతికొచ్చేది 351వ నంబరు చేనే. దాని సొంత అంకె కూడా కలుపుకుంటే 600లో 151 అవకాశాలు దానివి. మిగిలిన ప్రతి చేనుకూ దక్కేది ఒక్కటి. ఇలా విడివిడిగా నాలుగుసార్లు తీస్తే, ఆ ఒక్క చేను కనీసం ఒకసారైనా రావడానికి నూటికి 68కి పైగా అవకాశం ఉంది. సమంగా తీస్తే నూటికి ఒకటి కూడా ఉండకూడదు.

నాలుగుసార్లు అని ఊరికే అనలేదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా మార్గదర్శకాల్లో ప్రధాన పంటలకు గ్రామాన్నో పంచాయతీనో యూనిట్‌గా తీసుకుంటారు, అక్కడ నాలుగు పంట కోత ప్రయోగాలు చేయాలి. ఎంపికైన చేలో నైరుతి మూల నుంచి ర్యాండమ్ అంకెల ప్రకారం అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, వరికి అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పున తాడు కట్టి, ఆ చెక్కలో ఉన్నది కోసి, నూర్చి, తూస్తారు. ఆ నాలుగు చెక్కల తూకమే ఊరి దిగుబడి లెక్కకు ప్రధాన ఆధారం. దాని మీదే ఊరందరి పరిహారం. చేలో ఏ మూల కోయాలన్నది కూడా మనిషి ఇష్టానికి వదలకుండా అంకెలకు అప్పగించారంటే, ఆ పద్ధతి రూపొందించినవాళ్లు ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి. అడుగు అడుగూ లెక్కపెట్టే ఆ శ్రమకు ముందే, ఏ చేనుకు పోవాలన్న దగ్గర ఒక "కంటే ఎక్కువ లేదా సమానం" గుర్తు మొత్తం వ్యవహారాన్ని పక్కదారి పట్టించగలదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. చిట్కా సమర్థకులు ఖాళీలు ఎక్కడ పడతాయన్నది కూడా ర్యాండమే అనుకుంటారు. ఖాళీ ఊరికే పడదు, దానికో కారణం ఉంటుంది. సర్వే నంబర్లు నేల మీద పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి 351 అంటే ఆ చెరువులను ఆనుకుని ఉండే చేనే కావడానికి ఎక్కువ అవకాశం. ఉప్పునీటి చెరువు పక్క చేలో చౌడు దేరి దిగుబడి ఎందుకు పడిపోతుందో తీరం రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. అంటే మన చిట్కా ఊళ్లో ఏదో ఒక చేనుకు ఎక్కువ బరువు ఇవ్వడం లేదు, ఏరి కోరి పాడైన చేనుకే ఇస్తోంది. ఖాళీ ఏ కారణంతో పుట్టిందో ఆ కారణమే పక్క రికార్డునూ తాకుతుంది. ఊరి సగటు తక్కువ తేలితే బీమా కంపెనీ గగ్గోలు పెడుతుంది. ఇదే ఖాళీ కాలువ ఎగువన మెరక మీద ఇళ్ల స్థలాల వల్ల పడిందనుకోండి, బంగారంలాంటి చేను పదేపదే వచ్చి సగటు పెరుగుతుంది, డ్రెయిన్ పక్కన పల్లంలో మునిగిన చేలవాళ్లకు పరిహారం అందదు. మురుగు కాలువలు లాగక పంట మునిగిపోతోందని కూడా 2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించిన సీమ ఇది. ఇక్కడ ఎగువ చేను, దిగువ చేను ఒకటే అనుకునేవాడు ఈ నేలను చూడనివాడు.

రెండు: "ఐడీలు దాదాపు వరసగానే ఉంటాయిలే"

ఉండవు. రికార్డు తొలగిస్తే ఖాళీ. ఇన్‌సర్ట్ మధ్యలో విఫలమైతే ఆటో ఇంక్రిమెంట్ ఇచ్చిన అంకె వెనక్కి రాదు, మళ్లీ ఖాళీ. ఇవి చిన్నవి. అసలు ఖాళీలు ఫలానా జిల్లా రికార్డులే కావాలంటూ పెట్టే వేర్ షరతుతో వస్తాయి.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. తూర్పు గోదావరి నుంచి కోనసీమ విడిపోయింది, కాకినాడ విడిపోయింది, రంపచోడవరం ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. పాత ఉమ్మడి టేబుళ్లలో మండలాల వారీగా, ఊళ్ల వారీగా ఎక్కించిన రికార్డుల ఐడీలు మాత్రం జిల్లాలు మారాయని మారవు కదా. కొత్తపేట రికార్డులు ఒకచోట ఉంటాయి, రాజోలువి ఇంకెక్కడో, మధ్యలో ఇప్పుడు వేరే జిల్లా అయిపోయిన వేలాది రికార్డులు. కోనసీమ వరకే ఒక రికార్డు కావాలని షరతు పెట్టగానే ఆ మధ్య భాగమంతా ఖాళీ కిందే లెక్క.

రాష్ట్రం మొత్తానికి ఒకే టేబుల్ ఉంటే ఇంకా విడ్డూరం. ఉదాహరణకు కోనసీమ రికార్డులన్నీ 20,00,001 నుంచి 21,00,000 మధ్య ఉన్నాయనుకుందాం. అతిపెద్ద ఐడీ 21 లక్షలు గనక, ఒకటికీ 21 లక్షలకూ మధ్య అంకె తీస్తాడు మన వేగవంతుడు. నూటికి 95 సార్లు 20 లక్షల లోపు అంకే వస్తుంది. ప్రతిసారీ జిల్లాలో మొదటి రికార్డే ఎంపికవుతుంది. లక్షమంది ఉన్న జాబితాలో ఒకే రైతు ఇంటికి పరిశీలన బృందం మళ్లీ మళ్లీ వెళ్తే, ఆ రైతు వాళ్లకు కాఫీలు పోసి అలిసిపోతాడు గానీ మిగతా 99,999 మంది జోలికి దాదాపు ఎవరూ రారు. కనిష్ఠ ఐడీ కూడా కనుక్కుని ఆ మధ్యలోనే తీస్తామంటారా? మొదటి రికార్డు బరువు దిగుతుంది, నిజమే. జాబితా లోపలి ఖాళీల బరువు ఎక్కడిదక్కడే ఉంటుంది.

"వేగంగా వస్తోందాండీ?" అని అధికారి అడుగుతారు. "ఆయ్, ఇలా నొక్కితే అలా వచ్చేత్తాదండి" అని కోడు రాసిన కుర్రాడి జవాబు. ఇద్దరూ సంతోషంగా ఇళ్లకు పోతారు. అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు.

మూడు: "ఎవరికి తెలుస్తుంది, ఎవరికి నష్టం?"

డబ్బు కట్టినవాడికి నష్టం. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 మద్యం దుకాణాలకు 89,882 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము రెండు లక్షలు. అంటే లాటరీ తీయకముందే 1,797 కోట్లకు పైగా ఖజానాకు చేరింది. అక్టోబరు 14న జిల్లాల్లో లాటరీలు తీశారు. మద్యం వ్యాపారం మంచిదా చెడ్డదా అన్నది వేరే వ్యాసం. ఆ రెండు లక్షలు పోసి మనిషి కొనుక్కున్నది దుకాణం కాదు, సమానావకాశం. దుకాణానికి సగటున 26 మంది పోటీ పడితే, 26లో ఒక వంతు అవకాశం అతని సొత్తు. కంప్యూటర్లో తీసే ఏ లాటరీలోనైనా దరఖాస్తు నంబర్లు రాష్ట్రమంతటికీ ఒకే వరసలో ఇచ్చి, ఒక్కో దుకాణానికీ పైన చెప్పిన చిట్కా వాడితే, ఎవరి దరఖాస్తుకు ముందు ఎంత ఖాళీ ఉందో అతనికి అంత బరువు దక్కుతుంది. ఒకే రుసుము కట్టిన ఇద్దరిలో ఒకడికి ఒక చీటీ, ఇంకొకడికి వంద చీటీలు. ఎవరికీ తెలియదన్నది నిజమే. తెలియకపోవడమే అందులో అసలు అన్యాయం.

ఎన్నికల సంఘం ఈ విషయంలో మన కోడర్లకంటే ఎంతో శ్రద్ధగా ఆలోచించింది. 2019 ఏప్రిల్ 8న, మన రాష్ట్రంలో పోలింగ్‌కు సరిగ్గా మూడు రోజుల ముందు, నారా చంద్రబాబు నాయుడు తదితర విపక్ష నేతల పిటిషన్ మీద సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సగం వీవీప్యాట్ యంత్రాల స్లిప్పులు లెక్కించాలని వాళ్లు కోరారు. అప్పటిదాకా అసెంబ్లీ నియోజకవర్గానికి ఒక పోలింగ్ కేంద్రంలోనే లెక్కించేవారు, కోర్టు దాన్ని అయిదు చేసింది. దేశం మొత్తం మీద అది 4,125 నుంచి 20,625కు పెరిగినట్టు. అంతకుముందు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన నిపుణుడి నేతృత్వంలోని కమిటీ, దేశమంతటా కలిపి 479 యంత్రాలు చూస్తే చాలని లెక్కకట్టింది. పది లక్షలకు పైగా యంత్రాలకు 479 చాలనడం విని చాలామంది నవ్వారు. నవ్వాల్సిన లెక్క కాదది. ఆ 479 నిజంగా సమానావకాశంతో తీసినవైతేనే అన్న షరతు మీద నిలబడిన లెక్క. ఆ షరతు తప్పితే 479 కాదు, 47 వేలు చూసినా ఆ లెక్క చెప్పే భరోసా దక్కదు. నమూనా పెద్దదైతే పక్షపాతం తగ్గుతుందనుకోవడం చదువుకున్నవాళ్లలోనూ కనబడే భ్రమ. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, ఆ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే దశాబ్దాలు పనిచేసిన గణాంకవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు 2023లో కన్నుమూసినప్పుడు మనమంతా తెలుగువాడని గర్వంగా చెప్పుకున్నాం. ఆయన శాస్త్రంలో మొదటి పాఠం మాత్రం మన టేబుళ్ల దాకా రాలేదు.

ఆ అయిదు కేంద్రాలను ఎలా తీస్తారో దగ్గరనుంచి చూస్తే సంగతి బోధపడుతుంది. పోస్టుకార్డు సైజు తెల్ల కార్డులు, నియోజకవర్గంలో ఎన్ని పోలింగ్ కేంద్రాలుంటే అన్ని. ఒక్కో కార్డు మధ్యలో కేంద్రం నంబరు, అంకె ఒక్కొక్కటి అంగుళానికి తగ్గకుండా. ప్రతి కార్డునూ అభ్యర్థులకో వాళ్ల ఏజెంట్లకో చూపించి, నంబరు కనబడకుండా నాలుగు మడతలు పెట్టి, పెద్ద డబ్బాలో వేసి, బాగా కుదిపి, అప్పుడు తీస్తారు. కార్డులన్నీ ఒకే కొలత, కేంద్రానికి ఒక్కటే కార్డు, అన్నీ కలిసేలా కుదపడం. ఈ మూడింటినీ ఏజెంటు కళ్లతో చూడగలడు. 2019లో రాజోలు ఫలితం 814 ఓట్ల తేడాతో తేలింది. అలాంటి చోట డబ్బాలో ఒక కేంద్రం పేరుతో 151 కార్డులు వేస్తే ఊరుకుంటారా? వెబ్ కోడులో వేస్తే ఊరుకుంటున్నాం, అక్కడ కార్డులు కనబడవు గనక.

కుదపడం చిన్న విషయం అనుకునేవాళ్లకు అమెరికా కథ ఒకటుంది. వియత్నాం యుద్ధానికి యువకులను తీసుకోవడానికి 1969 డిసెంబరు 1న అక్కడ పుట్టినరోజుల లాటరీ తీశారు. 366 తేదీలను గొట్టాల్లాంటి చిన్న ప్లాస్టిక్ డబ్బీల్లో పెట్టి, నెలల వారీగా పోసి, సరిగా కలపలేదు. సంవత్సరం చివరి నెలల్లో పుట్టినవాళ్ల తేదీలు ముందుగా వచ్చాయి. గణాంకవేత్తలు ఆ తర్వాత లెక్కలు వేసి చూస్తే అది కాకతాళీయం అనుకోవడానికి వీల్లేని తేడా. ఎవరి దురుద్దేశమూ లేదు. "కాస్త అటూ ఇటూ" అయిందంతే. ఆ అటూ ఇటూ వల్ల ఎవరు యుద్ధానికి పోయారో, ఎవరు ఇంట్లో ఉండిపోయారో మాత్రం మారింది.

నాలుగు: సరిచేశామంటూ తెచ్చే చిట్కాలు

ఖాళీల గొడవ ఎత్తగానే చిట్కా సమర్థకులు రెండో వరస అస్త్రాలు తీస్తారు. ఒక్కోదాన్నీ త్వరగా చూసి వదిలేద్దాం.

మొదటిది: ప్రతి రికార్డుకూ ముందే ఒక ర్యాండమ్ దశాంశం రాసి, ఆ కాలమ్‌కు ఇండెక్స్ పెట్టి, కొత్తగా తీసిన దశాంశానికి పైనున్న మొదటి రికార్డు తీయడం. తెలివైనదే అనిపిస్తుంది. కానీ ర్యాండమ్‌గా చల్లిన దశాంశాల మధ్య ఎడం సమానంగా ఉండదు. పదివేల రికార్డుల్లో అదృష్టవంతుడికి న్యాయమైన వాటాకు తొమ్మిది, పది రెట్లు అవకాశం దక్కుతుంది, దాదాపు 63 శాతం మందికి న్యాయమైన వాటా కంటే తక్కువ వస్తుంది. పైగా ఆ కాలమ్ మళ్లీ రాసేదాకా ఆ అదృష్టవంతుడు మారడు. ఖాళీల పక్షపాతం తీసేసి, కొత్త పక్షపాతం మనమే పెట్టుకున్నట్టయింది.

రెండోది: వేర్ షరతులోనే ఐడీ ఈక్వల్స్ అని పెట్టి, పక్కనే ర్యాండ్‌తో లెక్కకట్టడం. మైఎస్‌క్యూఎల్‌లో ఆ ర్యాండ్ ఒక్కసారి కాదు, ప్రతి రికార్డు దగ్గరా కొత్తగా పుడుతుంది. దాంతో కొన్నిసార్లు మూడు రికార్డులొస్తాయి, ఖాళీల్లేని పెద్ద టేబుల్లో కూడా నూటికి దాదాపు 37 సార్లు ఒక్కటీ రాదు. లిమిట్ ఒకటి పెట్టి సరిచేశామంటే, ముందున్న రికార్డులకు వెనకున్నవాటికంటే ఎక్కువ అవకాశం. వేగం కోసం బయలుదేరి, ఇండెక్స్ పనికిరాని క్వెరీ రాసి, చాలాసార్లు టేబుల్ మొత్తం చదివించి, పక్షపాతం కూడా మూటగట్టుకున్నారు. ఇంతకంటే నష్టబేరం ఉండదు.

మూడోది పోస్ట్‌గ్రెస్ వాళ్లది. 9.5 వెర్షన్ నుంచి అందులో టేబుల్‌శాంపుల్ ఉంది. దానిలో సిస్టమ్ పద్ధతి వేగమైనది, ఎందుకంటే అది రికార్డులను కాదు, డిస్కు మీది పేజీలను ఏరుతుంది. ఎనిమిది కిలోబైట్ల పేజీ ఒకటి ఎంపికైతే అందులోని రికార్డులన్నీ వస్తాయి. విడివిడిగా చూస్తే ఒక్కొక్కరికీ సమానావకాశమే, కాదనను. కానీ ఊళ్ల వారీగా ఎక్కించిన టేబుల్లో ఒక పేజీ అంటే ఒకే ఊరు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటారు, అది కలియబెట్టిన గిన్నెకు చెల్లుతుంది. ఇది అడుగంటిన మూల నుంచి ఒకే గరిటెడు తీసి గిన్నె మొత్తానికీ తీర్పు చెప్పడం. అదే టేబుల్‌శాంపుల్‌లో బెర్నూలీ అనే రెండో పద్ధతి ఒక్కో రికార్డునూ విడిగా ఏరుతుంది, దానికి టేబుల్ మొత్తం చదువుతుంది. దాన్నెవరూ సిఫారసు చేయరు. నెమ్మది కదా!

అయిదు: "న్యాయంగా తీయాలంటే నెమ్మదిగానే తీయాలి"

ఈ వాదనంతటికీ ఆధారం ఇదే, ఇదే అన్నిటికంటే బలహీనమైనది. వేగమా, న్యాయమా, ఏదో ఒకటే ఎంచుకోవాలన్నట్టు మాట్లాడతారు. రెండూ కలిసి దొరుకుతాయి.

మన ఊరి ఉదాహరణకే వద్దాం. ఒకటికీ 600కూ మధ్య అంకె తీయండి. ఆ అంకె సర్వే నంబరు వరి టేబుల్లో ఉంటే ఇవ్వండి. లేకపోతే పక్కదానికి పోకండి, అంకెను పారేసి మళ్లీ తీయండి. అంతే. 275 వస్తే 351కి జరగకపోవడమే ఇక్కడ చేసిందంతా. 450 చేలకూ కచ్చితంగా సమానావకాశం వస్తుంది. 600లో 450 ఉన్నాయి గనక సగటున ఒకటీ మూడో వంతు ప్రయత్నాల్లో పని అయిపోతుంది. ప్రతి ప్రయత్నమూ ప్రైమరీ కీ మీద ఒక చిన్న వెతుకులాట. అంకెను ముందు కోడులో తీసుకుని క్వెరీకి ఇవ్వాలన్నది ఒక్కటే జాగ్రత్త, లేకపోతే పైన చెప్పిన రెండో చిట్కా గుంటలో పడతాం. "కంటే ఎక్కువ లేదా సమానం" నుంచి "కంటే ఎక్కువ" తీసేస్తే పోయిన న్యాయం తిరిగొస్తుంది. దీన్ని ఎందుకు నేర్పరో నాకు అంతుపట్టదు. బహుశా లూప్ రాయాలన్న బద్ధకం.

రాష్ట్ర టేబుల్లో కోనసీమ రికార్డులు నూటికి ఒకటో రెండో ఉంటే ఈ పద్ధతిలో ప్రయత్నాలు ఎక్కువవుతాయి, ఒప్పుకుంటాను. అక్కడ చేయాల్సింది జాబితాను ముందే స్థిరపరచడం. డ్రాకు అర్హుల రికార్డులను వేరే టేబుల్లోకి తీసి ఒకటి, రెండు, మూడు అని ఖాళీల్లేకుండా వరస నంబర్లు ఇవ్వాలి. అప్పుడు అంకె తీయడమే రికార్డు తీయడం, ఒక్క ప్రయత్నం చాలు. పైగా ఇలా స్థిరపరచిన జాబితాను డ్రాకు ముందు నోటీసు బోర్డు మీద అంటించవచ్చు. మారుతూ ఉండే లైవ్ టేబుల్ మీద డ్రా తీసేవాడికి ఆ సౌలభ్యం లేదు, ఎవరెవరు డబ్బాలో ఉన్నారో తర్వాత అతనే చెప్పలేడు.

జాబితా మొత్తం ఒకసారి ఎలాగూ చదువుతున్నారా? ఫైలు డౌన్‌లోడ్ చేస్తున్నారా, నివేదిక తయారుచేస్తున్నారా? అయితే రిజర్వాయర్ పద్ధతి ఉంది. చదువుకుంటూ పోతూ, ఇరవయ్యో రికార్డు దగ్గర ఇరవైలో ఒక వంతు, ఇరవై ఒకటో దాని దగ్గర ఇరవై ఒకటిలో ఒక వంతు అవకాశంతో చేతిలో ఉన్నదాన్ని మార్చుకుంటూ పోతే చివరికి మిగిలినదానికి అందరితో సమానావకాశం. మొత్తం ఎన్ని రికార్డులో ముందే తెలియనక్కర్లేదు. జెఫ్రీ విట్టర్ 1985లో దీని మీద రాసిన పత్రం కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు పరిచయమే.

ఇక అందరూ తిట్టే ఆర్డర్ బై ర్యాండ్ సంగతి. మైఎస్‌క్యూఎల్ అధికారిక మాన్యువలే దాన్ని లిమిట్‌తో కలిపి నమూనా తీయడానికి పనికొచ్చేదిగా చెబుతుంది. 5.6 వెర్షన్ వచ్చాక లిమిట్ చిన్నదైతే మొత్తం జాబితాను సర్దే పని కూడా తగ్గింది, పైన నిలిచే కొన్నిటినే చేతిలో పట్టుకుంటుంది. రికార్డు మొత్తం కాకుండా ఐడీలను మాత్రమే అలా తీసి, ఆ తర్వాత వాటికి జాయిన్ చేస్తే మోయాల్సిన బరువు ఇంకా తగ్గుతుంది. మద్యం దుకాణం లాటరీలో ఒక దుకాణానికి సగటున 26 దరఖాస్తులన్నాం. 26 రికార్డులను సర్దడానికి డేటాబేస్ నెమ్మదిస్తుందా? జీవితకాలంలో ఒక్కసారి తీసే డ్రాకు, క్షణానికి వెయ్యిమంది తెరిచే హోం పేజీ నియమాలు తెచ్చి అంటించడం బుర్ర పెట్టకుండా మాట్లాడటం. హోం పేజీకైనా, గంటకోసారి అయిదువందలు సమంగా తీసి క్యాష్‌లో పెట్టుకుంటే వచ్చినవాళ్లకు అందులోంచి పంచవచ్చు. సర్వర్ మీద భారం అన్న మాటే ఉండదు.

సర్వర్ పెద్దది కొంటే సరిపోతుందనే ఇంకో జాతి ఉంది. వాళ్లకు జవాబు అనవసరం, బిల్లు వచ్చినప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

ఆరు: అడగాల్సిన ప్రశ్న

వేగం పోల్చేముందు రెండూ ఒకే పని చేస్తున్నాయా అని చూడాలి. ఆర్డర్ బై ర్యాండ్ అందరికీ సమానావకాశం ఇస్తుంది, ఐడీ చిట్కా ఇవ్వదు. చేయాల్సిన పని చేయకుండా త్వరగా ముగించడం గొప్పేమీ కాదు. కాబట్టి కోడు మొదలుపెట్టేముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ జాబితాలో ఉన్నవాడికి, తను ఎంపికైనా కాకపోయినా, ఏదైనా తేడా పడుతుందా? పడితే సమానావకాశం తప్పనిసరి, వేగం దాని తర్వాత. తేడా పడకపోతే మీ ఇష్టం, డోర్‌మ్యాట్లు ఎలా తిప్పుకున్నా తిప్పుకోండి.

తేడా పడేచోట ర్యాండ్ ఫంక్షన్ మీద కూడా గుడ్డినమ్మకం కుదరదు. అది పరిపూర్ణమైన ర్యాండమ్ కోసం ఉద్దేశించింది కాదని మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ దాచకుండానే చెప్పింది. పీహెచ్‌పీలో అయితే ఏడో వెర్షన్ నుంచి ర్యాండమ్ ఇంట్ ఉంది, ఊహించడానికి వీల్లేని అంకెలు ఇస్తుంది. డబ్బు, హక్కు ముడిపడ్డ డ్రాలకు అదే వాడాలి. జాబితా ముందురోజే ప్రకటించి, తీసిన అంకెలను లాగ్‌లో రాసి పెడితే ఓడిపోయినవాడు కూడా సరిచూసుకోగలడు.

నేను చెప్పినదాన్నీ నమ్మనక్కర్లేదు, మీ కోడునే అడగండి. 600 నంబర్ల ఊరిలాంటి చిన్న టేబుల్ తయారుచేసి, 201 నుంచి 350 తీసేసి, మీ ఎంపిక ఫంక్షన్‌ను 60,000 సార్లు నడపండి. వచ్చిన ఐడీలన్నీ ఒక లాగ్‌లో పడేసి, గ్రూప్ బై పెట్టి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో ఎక్కువ నుంచి తక్కువకు పేర్చి చూడండి. న్యాయంగా ఉంటే 351 కూడా అందరిలాగే 133 దగ్గర, పదో ఇరవయ్యో అటూ ఇటుగా ఉంటుంది. పదిహేను వేల చిల్లర కనబడితే, ఆ ఫంక్షన్‌ను కలెక్టరేట్ దరిదాపులకు రానివ్వకండి.